కిలో 14 రూపాయల లెక్కన అత్తయ్యగారి నవలలు

ప్రశ్న: నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. మావారిది బ్యాంకు ఉద్యోగం. కాకినాడలో ఉంటాం. బాబుకి ఎనిమిదేళ్ళు, అత్తయ్యగారికి 67. ఆవిడకి ప్రేమ నవలల పిచ్చి. కారు దిగే ఆరడుగుల హీరో, పౌరుషం గల పేద పిల్ల, చివర్లో పెళ్ళి, ఎన్ని చదివినా ఇదే కథ. ఈ వయసులో ప్రేమ నవలలేమిటండీ? అది చాలదన్నట్టు పాత చందమామల్లోంచి బేతాళ కథలు, మాంత్రికుల సీరియళ్ళు బాబుకి చదివి వినిపిస్తారు. వాడేమో స్నేహితుల దగ్గర గూస్‌బంప్స్ అనే ఇంగ్లీషు దెయ్యాల పుస్తకాలు తెచ్చుకుని, ఆ కథలు ఆవిడకి చెప్తాడు. వాడికి తెలుగు రాదని ట్యూషన్ పెట్టించాం కానీ, ధ్యాసంతా దెయ్యాల మీదే. దసరా సెలవుల్లో ఇల్లు సర్దుతూ ఆవిడ బైండు పుస్తకాలన్నీ, చందమామలతో సహా, పాత పేపర్లవాడికి వేసేశాను. 21 కిలోలు తూగాయి. కిలో 14 చొప్పున 294 రూపాయలు వస్తే ఆ డబ్బులు ఆవిడ చేతికే ఇచ్చాను. ఆవిడేమీ అనలేదు. నవలలు మామయ్యగారు వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు తీసి బైండు చేయించినవట. దసరా అయిన దగ్గర్నుంచి బాబు రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నాడు. బాత్రూముకి కూడా ఒక్కడూ వెళ్ళడు. ఇది దెయ్యాల పుస్తకాల వల్లే కదా? వాడి చేత అవి, అత్తయ్యగారి చేత నవలలు ఎలా మాన్పించాలి? ఈ మధ్య ఆవిడ ముభావంగా ఉంటూ, వైజాగ్‌లో మా ఆడపడుచు దగ్గరికి వెళ్ళిపోతానంటున్నారు. మావారు ‘మీరూ మీరూ చూసుకోండి’ అంటారు.
- ఒక సోదరి

జవాబు: అమ్మా, మీవి రెండు ప్రశ్నలు. రెంటికీ ఒకటే జవాబు, మాన్పించక్కర్లేదు. ఇక అసలు సంగతికి వద్దాం.

స్థలం చాలక మీ ఉత్తరాన్ని కుదించి వేశాం కానీ, మీరు రాసింది నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు నవలల మీద, దెయ్యాల మీద మీ అభిప్రాయాలే. మామయ్యగారి ఊసు ఒకే ఒక్క వాక్యంలో వచ్చింది, అదీ చివర ‘ట’ తగిలించి. బైండు చేయించినవట! ఆ ‘ట’ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఆ బైండు పుస్తకం ఎలా తయారవుతుందో మీరు చూసి ఉండరు. వారపత్రిక ఇంటికి రాగానే ఇరుగు పొరుగు అడిగి పట్టుకుపోయేవారు. అది తిరిగొచ్చే దాకా ఆగి, సీరియల్ పేజీలు చిరగకుండా పిన్నులు ఊడదీసి తీయాలి. వరస తప్పకుండా దాచాలి. ఒక వారం సంచిక దొరక్కపోతే ఆ నాలుగు పేజీల కోసం తెలిసినవాళ్ళ ఇళ్ళన్నీ తిరగాలి. ఏడాదో ఏడాదిన్నరో గడిచి సీరియల్ ముగిశాక బైండింగు చేసేవాడి దగ్గరికి తీసుకెళ్తే, అట్ట వేసి, వీపున గుడ్డ అంటించి ఇస్తాడు. మీ ఇంట్లో అలాంటివి 21 కిలోలున్నాయి. సగం చందమామలే అనుకున్నా, ఒక మనిషి ఎన్నేళ్ళు ఆ పని చేసి ఉంటాడో మీరే లెక్కేయండి. లెక్కలు మీకు బాగానే వచ్చు, పైసలతో సహా రాశారు. ఆ తరం మగవాడు భార్యతో ప్రేమగా నాలుగు మాటలు పైకి అనడు. ‘ఇదిగో, నీ సీరియల్ బైండు అయింది’ అని సంచీలోంచి తీసి బల్ల మీద పెడతాడు. మీ అత్తయ్యగారి ఇంట్లో ప్రేమ నవల అంటే అదీ.

వాటిని తూకానికి వేశారు. వేసి, వచ్చిన డబ్బు ఆవిడ చేతిలో పెట్టారు. నిజాయితీగానే పెట్టి ఉంటారు, నా సొమ్ము కాదు కదా అని. కానీ ఆ క్షణంలో ఆవిడ అరచెయ్యి ఎలా ఉండి ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. ‘ఆవిడేమీ అనలేదు’ అని రాశారు. ఏమంటుందమ్మా? కొడుకింట్లో ఉంటున్న భర్త లేని మనిషి, ఉద్యోగం చేస్తున్న కోడలితో ఏమంటుంది? వైజాగ్ వెళ్తానంది. ఆవిడ అనాల్సింది అందులోనే ఉంది.

ఇప్పుడు బాబు సంగతి. వాడి భయం దసరా తర్వాత మొదలైందని మీరే రాశారు. బేతాళ కథలు, మాంత్రికులు అంతకు ముందు నుంచీ ఉన్నాయి కదా? అప్పుడు హాయిగా పడుకున్నవాడు, ఆ చందమామలు ఇంట్లో లేని ఈ రెండు నెలల్లో ఎందుకు ఉలిక్కిపడుతున్నాడు? మీరు సైన్సు టీచరు. పిల్లలు ప్రయోగం చేసి ఇలాంటి లెక్క పట్టుకొస్తే, కారణం ఇంకోచోట ఉందేమో వెతకమంటారు కదా? నేను వాణ్ణి చూడలేదు, ఇదేనని ఒట్టు పెట్టి చెప్పలేను. కానీ దసరాకి ఆ ఇంట్లో మారింది ఒకటే. వాడికి కథ చెప్పే నాయనమ్మ నోరు మూతపడింది. పెద్దవాళ్ళ మధ్య మాట బిగుసుకుపోతే పిల్లలకి అర్థం కాదు కానీ, తెలుస్తుంది. దానికి తోడు వాడి చందమామలు వాడి కళ్ళ ముందే బండెక్కాయి. రేపు ఇంకేది వెళ్ళిపోతుందో అని వాడికి ఉండదా?

దెయ్యాల కథంటే పిల్లలకి ఎందుకంత ఇష్టమో చెప్పమంటారా? ఆ భయం వాడి చేతిలో ఉంటుంది, పుస్తకం మూస్తే ఆగిపోతుంది. నాయనమ్మ పక్కనే ఉంటుంది, ఆవిడ కొంగు అందుతుంది. 1992లో అమెరికాలో మొదలైన ఆ గూస్‌బంప్స్ పుస్తకాలు నా మనవడి పుణ్యమా అని నేనూ రెండు చదివాను. అధ్యాయం చివర రచయిత గుండె ఝల్లుమనిపిస్తాడు, పేజీ తిప్పితే చాలాసార్లు అదేమీ కాదని తేలుతుంది. పిల్లలు పకపకా నవ్వేస్తారు. బేతాళుడి సంగతి మీకు తెలియనిదా? సోమదేవుడు 11వ శతాబ్దంలో కథాసరిత్సాగరంలో చెప్పినవి 25 కథలైతే, చందమామ వాళ్ళు నెలనెలా కొత్తవి అల్లుతూ వందల కొద్దీ చెప్పారు. శవం, శ్మశానం, అర్ధరాత్రి, అన్నీ ఉన్నాయి. కానీ ఆ బేతాళుడు చేసేదల్లా కథ చెప్పి, తప్పు ఎవరిదని ఓ చిక్కుప్రశ్న వేయడమే. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందంటాడు. ఎనిమిదేళ్ళ పిల్లాడు ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ నిద్రపోతే నాకైతే సంతోషం.

ఇంకోటి. ట్యూషన్ పెట్టినా వాడికి తెలుగు రావట్లేదన్నారు. వాడు అచ్చంగా తెలుగు వినేది, చూసేది నాయనమ్మ ఒళ్ళో ఉన్న చందమామలోనే. ఆవిడ వేలు పేజీ మీద కదులుతుంటే ఏ ఒత్తు ఎక్కడ పడుతుందో వాడు చూస్తూ ఉండేవాడు. మీరు ట్యూషన్ మాస్టారిని ఉంచి, చందమామని పంపించారు.

అలాగని భయాన్ని తేలిగ్గా తీసుకోమనను. కొన్నాళ్ళు కథలు సాయంత్రం పూట చెప్పించండి, పడుకోబోయే ముందు వద్దు. వసారాలో చిన్న లైటు వేసి ఉంచండి. బాత్రూము దాకా తోడు వెళ్ళండి, విసుక్కోకుండా. ‘దెయ్యాల్లేవు, నోరు మూసుకుని పడుకో’ అంటున్నానని రాశారు. దెయ్యాల్లేవన్నది సైన్సే, మిగతా సగం కాదు. ఏం కనపడిందో చెప్పమనండి, బొమ్మ వేయమనండి. ఇంట్లో వాతావరణం కుదుటపడ్డాక కూడా మూడు నాలుగు వారాల్లో తగ్గకపోతే, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైతే, బడికి వెళ్ళనని మారాం చేస్తే అప్పుడు పిల్లల డాక్టరుకి చూపించండి. తాయెత్తు కట్టించమని ఎవరో అన్నారని రాశారు. అక్కర్లేదు.

ఇక ప్రేమ నవలలు. నేనేమీ వాటికి హారతి పట్టే మనిషిని కాను. హీరో చెయ్యి పట్టి గుంజితే అది ప్రేమ, నాయిక ఏడిస్తే అది ఆడతనం అని రాసినవి ఎన్నో చదివి విసుక్కున్నదాన్నే. నా ఈడు వాళ్ళలో పెళ్ళిచూపుల్లో నవలా నాయకుడి కోసం వెతికి, ఉప్మా తినేసి ‘ఉత్తరం రాస్తాం’ అని వెళ్ళిపోయిన గుమాస్తాల్ని చూసి నిట్టూర్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. అయినా ఒకటి మరచిపోకండి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో జయంతి సొంతంగా ఉద్యోగం చేసుకుని బతికే పిల్ల. మీకూ నాకూ అది విశేషం కాదు. గడప దాటితే ఎక్కడికి, ఎందుకు అని జవాబు చెప్పుకోవాల్సిన ఇళ్ళల్లో, వంటింటి గట్టు మీద కూర్చుని అది చదివిన ఆడపిల్లలకి విశేషం. మా అమ్మ అద్దె పుస్తకాల షాపు నుంచి నా చేత నవల తెప్పించుకుని బియ్యం డబ్బాలో దాచేది. నాన్నకి తెలుసు. తెలిసి కూడా డబ్బా మూత తీసేవాడు కాదు. ఆ మర్యాద మీ అత్తయ్యగారికి 67 ఏళ్ళకి కూడా దక్కలేదంటే నాకు కష్టంగా ఉంది.

‘ఈ వయసులో’ అన్నారు చూడండి, ఆ మాట గురించి. ఈ వయసులో ఏం చదవాలి మరి? భాగవతమా? సరే, దశమ స్కంధం తీయండి. రుక్మిణి తనకి నచ్చినవాడికి బ్రాహ్మణుడి చేత కబురు పంపి, నన్ను తీసుకుపొమ్మంది. పెళ్ళి కాని పిల్లల చేత మన పెద్దవాళ్ళు పారాయణ చేయించేది ఆ రుక్మిణీ కల్యాణాన్నే. అదే స్కంధంలో పసివాడికి విషపు పాలివ్వబోయిన పూతన ఉంది, గోపబాలుర్ని దూడలతో సహా మింగిన అఘాసురుడు ఉన్నాడు. ప్రేమకథా, రాకాసి కథా రెండూ పోతనగారి ఇంట్లోనే ఉన్నాయి. వాటినీ తూకం వేయిస్తారా?

కోపం వచ్చి ఉంటుంది మీకు. రానివ్వండి. పొద్దున వంట, బడి, మళ్ళీ వంట, రాత్రి పేపర్లు దిద్దడం, మీకు ఊపిరాడదని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. సోఫాలో కూర్చుని నవల చదివే మనిషిని చూస్తే ఒళ్ళు మండుతుంది, కాదనను. అయితే ఆ మంట నవల మీద కాదు, తీరిక మీద. ‘అత్తయ్యా, సాయంత్రం కూర మీరు తరగండి’ అని అడిగి ఉంటే ఆవిడ చేసేవారేమో. అడగలేదు, పుస్తకాలు పారేశారు. నాకు దీంట్లో వేరే అభిప్రాయం లేదు, ఇది మీరు చేసిన తప్పు. దిద్దుకోవాల్సిందీ మీరే. మీవారి ‘మీరూ మీరూ చూసుకోండి’ సంగతి ఇంకోసారి. నాన్న బైండు చేయించిన పుస్తకాలు పోతుంటే నోరెత్తని కొడుకుతో నాకూ మాట్లాడాలని ఉంది కానీ, ఉత్తరం రాసింది ఆయన కాదు.

ముందు ఆ పాత పేపర్లవాణ్ణి పట్టుకోండి. ఏ గోడౌనుకి వేశాడో అడగండి. రెండు నెలలైంది, ఆశ తక్కువే. అయినా బైండు పుస్తకాల్ని అన్నీ గుజ్జుకి పంపరు, కొన్ని పాత పుస్తకాలవాళ్ళకి చేరతాయి. విజయవాడ లెనిన్ సెంటర్లోనో, హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీదో ఇలాంటివి తేలుతుంటాయి. దొరక్కపోవచ్చు. మీరు వెతుకుతున్న సంగతి ఇంట్లో తెలియాలి, అది ముఖ్యం. జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకి ఆవిణ్ణీ బాబునీ వెంటబెట్టుకుని వెళ్ళండి. ఆవిడకి ఇష్టమైన నవలలు కొత్త అచ్చులో దొరుకుతాయి. కొనండి. కానీ కొత్తవి కొన్నాం కదా, లెక్క సరిపోయిందనుకోకండి. మామయ్యగారి చేతిరాతతో పేరున్న అట్ట ఏ స్టాల్లోనూ దొరకదు.

ఆవిడతో మాట్లాడేటప్పుడు మీవారిని మధ్యవర్తిగా పిలవకండి. నవలల మీద మీ అభిప్రాయం మార్చుకున్నానని అబద్ధం కూడా ఆడకండి, ఆవిడ నమ్మరు. ‘అత్తయ్యా, అవి మామయ్యగారివని తెలిసి కూడా ఆలోచించకుండా వేసేశాను, తప్పయింది’ అనండి, చాలు. బాబు కూడా అక్కడే ఉంటే మరీ మంచిది. ఆవిడ వెంటనే కరిగిపోతారని అనుకోవద్దు, ‘పోనీలే అమ్మా’ అని వంటింట్లోకి వెళ్ళిపోవచ్చు. ఆ రాత్రే కాకపోయినా ఇంకో రాత్రి, ఏ సీరియల్ మామయ్యగారు ఎక్కడ వెతికి తెచ్చారో అడగండి. ఆవిడ చెప్తే వినండి, పేపర్లు దిద్దడం పక్కన పెట్టి.

ఆ 294 రూపాయలు ఆవిడ ఖర్చు పెట్టి ఉండరని నా అనుమానం. వెనక్కి అడగకండి. వైజాగ్ ప్రయాణం ఏ తారీఖుకో మీరు రాయలేదు. ఈ జవాబు అచ్చయ్యేసరికే ఆవిడ బయల్దేరి ఉంటే, ఫోను చేయకండి, టిక్కెట్టు కొనుక్కుని మీరే వెళ్ళండి.