చేయి పెడితే నల్లబడే ఊసరవెల్లి

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల బాబు పట్టుబట్టడంతో మూడు వారాల కిందట ఆరు నెలల మగ ఊసరవెల్లిని కొన్నాం. యెమెన్ జాతి, ఇక్కడ వెయిల్డ్ కమీలియన్ అంటారు. టీవీ పక్కన గాజు తొట్టెలో ఉంచాం. చేయి పెట్టగానే నల్లబడి, నోరు తెరిచి బుస కొడుతోంది. రోజూ అరగంట ఎత్తుకుంటే మచ్చికవుతుందని ఎవరో చెప్పారు. వారంగా కీచురాళ్లు సరిగా తినడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ముందు ఆ అరగంట మానేయండమ్మా. ఎత్తుకునేకొద్దీ దగ్గరయ్యే జీవి కాదిది. చెట్టు మీద ఒంటరిగా బతికేది, తోటి ఊసరవెల్లినే దగ్గరికి రానివ్వదు. మన చేతిని మహా అయితే ఓర్చుకుంటుంది. రోజూ బెదిరితే ఆకలి చస్తుంది, రోగాన్ని తట్టుకునే శక్తి పడిపోతుంది, నోటికో ఊపిరితిత్తులకో జబ్బు పట్టుకుంటుంది.

నల్లబడటమంతా భయం కాదు. పొద్దున్నే వేడినిచ్చే దీపానికి ఒక పక్క చూపించి ఆ పక్కనే ముదురు రంగుకు వస్తే వేడి కాచుకుంటోందన్నమాట. ఒళ్లు కాగాక మళ్లీ పచ్చబడుతుంది. అదే మిమ్మల్ని చూసి ఒంటిని ఆకులా పలచన చేసి, గొంతు ఉబ్బించి, నోరు తెరిచిందంటే భయం. అంతకన్నా ముందే ఒక సూచన ఇస్తుంది: మెల్లగా కొమ్మకు అవతలి వైపు జరిగి, మీకు కనపడకుండా నక్కుతుంది. చేయి అక్కడే ఆగిపోవాలి. పట్టపగలు కళ్లు మూసుకుని ఉంటే మాత్రం నిద్ర అనుకోకండి. సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టరుకు ఆ రోజే చూపించండి.

గాజులో తన నీడే దానికి ఇంకో మగదిలా కనిపించవచ్చు. 2 అడుగుల పొడవు, 2 వెడల్పు, 4 అడుగుల ఎత్తున్న జాలీ బోనుకు మార్చి, పై కొమ్మ మీ కళ్ల కన్నా ఎత్తులో ఉండేలా బల్ల మీద పెట్టండి. టీవీకీ, మనుషులు తిరిగే దారికీ దూరంగా ఉండాలి. దాక్కోవడానికి మందార మొక్క పెట్టండి. ఈ జాతి ఆకులు కొరుకుతుంది కాబట్టి మందు కొట్టిన మొక్క వద్దు. దీపం కింద కొమ్మ మీద 85 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి చాలు. రాత్రి అన్ని దీపాలూ ఆర్పేయండి, మిగిలిన కీచురాళ్లు తీసేయండి. అవి నిద్రలో ఉన్నదాన్ని కొరుకుతాయి. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం పసుపు, నారింజ రంగుకు వస్తే నీళ్లు చాలడం లేదు. గిన్నెలో నీళ్లు అది గుర్తించదు. ఆకుల మీద చినుకులు పడేలా పిచికారీ చేయాలి. బోను మార్చాక నాలుగైదు రోజుల్లో తిండి మొదలుపెట్టకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

మరో రెండు వారాలు చేయి పెట్టకండి. ఆ తర్వాత రోజూ ఒకే వేళకు ఒక పురుగును వేళ్లతో పట్టుకుని, కింది నుంచి ఎత్తి, ముఖానికి అరడుగు దూరంలో చూపించండి. పైనుంచి వచ్చే చేయి దానికి గద్దతో సమానం. రెండు కళ్లూ పురుగు మీద నిలిపి, అంతలోనే ఒక కన్ను మీవైపు తిప్పిందా, ఇంకా నమ్మకం కుదరలేదు. పురుగును గిన్నెలో వేసి తలుపు మూసేయండి. నాలుక చాచి అందుకుందంటే ఆ రోజుకు అదే చాలు.

వరసగా కొన్ని రోజులు అలా తిన్నాక, అరచేతిని దాని ముందు, కొమ్మకు కాస్త ఎత్తులో కదలకుండా ఉంచండి. తనంతట తను ఎక్కాలి. కొమ్మ నుంచి లాగితే గోళ్లు ఊడతాయి. బాబును నేల మీద కూర్చోబెట్టి, 5 నిమిషాలు, వారానికి ఒకటి రెండుసార్లు మాత్రమే ఎక్కనివ్వండి. కుబుసం విడిచే రోజుల్లో అదీ వద్దు. కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం ఉంది కాబట్టి తర్వాత సబ్బుతో చేతులు కడగాలి. కొన్ని ఎప్పటికీ చేయెక్కవు. బాబుకు ఈ మాట ఇప్పుడే చెప్పండి.

ప్రశ్న: మా మామిడితోటలో ఊసరవెల్లి దొరికింది. పెంచుకోవచ్చా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: వద్దండీ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన ఊసరవెల్లిని పట్టడం, పెంచడం నేరం. దొరికిన చెట్టు మీదే వదిలేయండి. రోడ్డు దాటుతూ కనిపిస్తే పొడుగాటి పుల్లను దాని ముందు పెట్టండి, తనే ఎక్కుతుంది. అది వెళ్తున్న వైపునే ఒక పొద మీద దించండి.