డాక్టర్ సలహా: పాప మీద చెయ్యి చేసుకుంటున్నాను, ఎందుకిలా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మూడేళ్ల పాప, పది నెలల బాబు ఉన్నారు. ఈ మధ్య ప్రతి చిన్నదానికీ పాప మీద అరుస్తున్నాను. నిన్న నీళ్ల గ్లాసు ఒలకబోసిందని వీపు మీద ఒక్కటి వేశాను. అది ఏడవలేదు. తలుపు వెనక్కి వెళ్లి నిలబడింది. రాత్రి అది నిద్రపోయాక పక్కన కూర్చుని నేనే ఏడ్చాను. నేను మంచి తల్లిని కానేమో డాక్టర్ గారూ.
- ఒక సోదరి

జవాబు: ఈ పది నెలల్లో ఒక్క రాత్రయినా ఐదు గంటలు ఏకధాటిగా నిద్రపోయారా? మీ ఉత్తరంలో నిద్ర ఊసే లేదు. నా దగ్గరకు వచ్చే తల్లులు కూడా కోపం గురించి చెప్పుకుంటారు గానీ, అడిగితే తప్ప నిద్ర సంగతి ఎత్తరు. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలి. మాటిమాటికీ తెగిపోయే నిద్ర, లెక్కకు సరిపోయినా ఒంటికి చాలదు. నిద్ర కరవైతే మెదడులో ఆవేశానికి పగ్గం వేసే భాగం మందగిస్తుంది. గ్లాసు ఒలకగానే మీ చెయ్యి లేవడం వెనుక ఇది చాలావరకు ఉండి ఉంటుంది. కొట్టడాన్ని నేను సమర్థించను. కానీ కారణం తెలియకుండా మిమ్మల్ని మీరు తిట్టుకుంటే అది ఆగదు.

వారంలో మూడు రాత్రులైనా, ఐదేసి గంటలు బాబును మీ భర్తకో, ఇంట్లో మరొకరికో అప్పగించి వేరే గదిలో పడుకోండి. 'కాస్త సాయం చేయండి' అంటే ఎవరికీ అర్థం కాదు. ఫలానా వేళ నుంచి ఫలానా వేళ దాకా బాబు మీ బాధ్యత అని చెప్పండి. ఎవరూ లేకపోతే పగలు బాబు పడుకున్నప్పుడు ఇంటిపని పక్కన పెట్టి నడుం వాల్చండి.

ఇక పాప. మూడేళ్ల పిల్లకు చేతిపట్టు ఇంకా పూర్తిగా కుదరదు. పైగా తమ్ముడు వచ్చాక అమ్మ ఒడిలో వాటా తగ్గింది. కోపంతో మీ దవడ బిగుసుకుంటోందని అనిపించగానే ఇద్దరినీ దెబ్బ తగలని చోట ఉంచి రెండు నిమిషాలు పక్క గదిలోకి వెళ్లండి. ఆ కాసేపు ఏడ్చినా పిల్లలకు ఏమీ కాదు. అయినా అరిచేశారనుకోండి, పాప ఎత్తుకు వంగి కూర్చుని 'అమ్మ కోపంలో అరిచింది, తప్పు అమ్మదే' అని చెప్పి దగ్గరకు తీసుకోండి. మెలకువగా ఉన్నప్పుడే చెప్పండి. నిద్రపోయే పిల్లకు మీ కన్నీళ్లు కనిపించవు. బ్రిటన్‌కు చెందిన పిల్లల వైద్యుడు డొనాల్డ్ వినికాట్ 1950లలోనే చెప్పారు: బిడ్డకు ఏ లోపమూ లేని తల్లి అక్కర్లేదు, చాలినంత మంచి తల్లి ఉంటే చాలు. తన తప్పుకు ఏడ్చే తల్లి ఆ లెక్కలోకి తప్పక వస్తుంది.

రెండు రక్తపరీక్షలు చేయించుకోండి: హిమోగ్లోబిన్, థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత. ప్రసవమైన ఏడాదిలోపు కొందరికి థైరాయిడ్ గ్రంథి వాచి మొదట గుండెదడ, చిరాకు, తర్వాత నీరసం, దిగులు వస్తాయి. చాలామంది దీన్ని మామూలు అలసట అనుకుని వదిలేస్తారు.

ప్రసవానంతర కుంగుబాటు కూడా ఆ ఏడాదిలో ఎప్పుడైనా మొదలుకావచ్చు. అది కొందరిలో ఏడుపుగా కన్నా కోపంగానే బయటపడుతుంది. బాబు పడుకున్నా మీకు నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దిగులు రెండు వారాలకు మించి ఉంటే మానసిక వైద్యులను కలవండి. చనిపోవాలనో, పిల్లలకు హాని చేయాలనో ఆలోచన వస్తే మాత్రం ఒంటరిగా ఉండకండి, ఆ రోజే ఎవరినైనా తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి. బాబుకు పాలిస్తుంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులు ఉన్నాయి.