అపార్ట్‌మెంట్‌లో ఉంటూ రోజూ సూర్యుడికి అర్ఘ్యం ఇవ్వొచ్చా?

హనుమకొండలో అద్దెకుంటున్నాను, సంధ్యావందనం రాదు, అయినా పొద్దున్నే సూర్యుడికి అర్ఘ్యం ఇవ్వొచ్చా అని అడిగారు. నిరభ్యంతరంగా ఇవ్వొచ్చు. స్నానం చేసి తూర్పుకు తిరిగి, రాగి చెంబులోని నీళ్లు దోసిట్లో పట్టి మూడుసార్లు వదలండి. కింది ఫ్లాట్ వాళ్ల మీద పడకుండా నేను మందార కుండీలోకి వదులుతాను. నీళ్లు వేళ్ల సందుల్లోంచి జారుతుంటే లేత ఎండ వాటి మీద తళుక్కుమంటుంది. నా మటుకు ఆ క్షణమే పూజ.

అర్ఘ్యం ఇస్తూ చదివే గాయత్రి 24 అక్షరాల మంత్రం, మా బుద్ధిని ప్రేరేపించమని సవితృదేవుణ్ణి వేడుకోవడం. గురువు దగ్గర ఉపదేశం పొందలేదని సంకోచమైతే ‘మిత్రాయ నమః, రవయే నమః’ అంటూ సూర్యుడి 12 నామాలు చాలు.

ఆదివారం వీలైతే వేయిస్తంభాల గుడికి వెళ్లండి. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన ఆ త్రికూటాలయంలో (మూడు గర్భగుళ్ల ఆలయంలో) శివకేశవులతో పాటు సూర్యుడికీ ఒక గర్భగుడి ఉంది. మబ్బు పట్టిన రోజు కూడా మానకండి, తూర్పుకే తిరిగి నీళ్లు వదలండి.