గరిష్ఠ ముక్క మొత్తం: లూప్‌ని థ్రెడ్లకి పంచితే జవాబు ఎందుకు తప్పొస్తోంది?

మీ లూప్ పని: అర్రేలో పక్కపక్కనున్న అంకెల ముక్కల్లో దేని మొత్తం ఎక్కువో కనుక్కోవడం. అర్రేని (అంకెల వరుసని) భాగాలు చేసి, థ్రెడ్లు (ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పాయలు) ఒక్కో భాగానికి ఇచ్చిన జవాబుల్లో పెద్దది తీసుకుంటున్నారు. తప్పు అక్కడే ఉంది. [5, −9], [−9, 5] రెండింటి జవాబూ 5. కుడిపక్కన [4] చేర్చండి: మొదటిది 5 దగ్గరే ఉంటుంది, రెండోది 9 అవుతుంది. అంటే ఆ ఒక్క అంకె చాలదు.

1980ల్లో బర్డ్, మీర్టెన్స్ రూపొందించిన పద్ధతిలో (ముద్దుపేరు స్క్విగోల్) దీనికి మందు: చాలేదాకా అదనపు విలువలు మోయడం. ఇక్కడ నాలుగు చాలు: మొత్తం, ఎడమ అంచు నుంచి మొదలయ్యే ముక్కల్లో పెద్దది (మొదలు), కుడి అంచున ముగిసేవాటిలో పెద్దది (తోక), అసలు జవాబు.

[3, −4, 5, −1] ఇచ్చేది (3, 4, 4, 5). [2, −6, 4, 1] ఇచ్చేది (1, 2, 5, 5). కలిపితే:
మొత్తం 3+1 = 4
మొదలు: 4, 3+2లో పెద్దది, 5
తోక: 5, 1+4లో పెద్దది, 5
జవాబు: 5, 5, 4+2లో పెద్దది, 6

ఆ 6 అనేది 5−1+2, సరిగ్గా అతుకు మీద పడ్డ ముక్క. మీ కోడ్ వదిలేస్తున్నది దాన్నే.

ఈ కలపడానికి సహచర ధర్మం ఉంది (వరుస మారనంత వరకు ఏ జంటని ముందు కలిపినా ఫలితం ఒకటే), కాబట్టి ఎక్కడ విరిచినా ఫరవాలేదు. స్థిత్యంతర ధర్మం మాత్రం లేదు. ఎడమ, కుడి తారుమారైతే జవాబు పోతుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఓపెన్‌ఎంపీ (లూప్‌ని థ్రెడ్లకి పంచే సాధనం) రిడక్షన్, అంటే థ్రెడ్ల ఫలితాలు కలిపే సదుపాయం, ఏ వరుసలో కలుపుతుందో హామీ ఇవ్వదు. అందుకే n అంకెలు, p థ్రెడ్లు ఉంటే (t లెక్క 0 నుంచి) t-వ థ్రెడ్‌కి n·t/p నుంచి n·(t+1)/p ముందు వరకు మీరే పంచి, ఫలితాలు థ్రెడ్ నంబరు వరుసలో దాచి, చివర్లో ఒక్క థ్రెడ్‌తో కలపండి. ఎనిమిది థ్రెడ్లకి అంతకంటే హంగామా అక్కర్లేదు. ఎంపీఐలో (విడి ప్రాసెస్‌లు సందేశాలతో పనిచేసే పద్ధతి) అయితే ఆపరేటర్ సృష్టించేటప్పుడు కమ్యూట్ జెండా (స్థిత్యంతర ధర్మం ఉందా అని చెప్పేది) 0 పెడితే ర్యాంకు (ప్రాసెస్ నంబరు) వరుస తప్పదు.

ఖాళీ భాగానికి విలువ (0, −∞, −∞, −∞). −∞కి బదులు పూర్ణాంకాల కనిష్ఠ విలువ పెడితే కూడికలో ఓవర్‌ఫ్లో అయి (పట్టే హద్దు దాటి) పెద్ద ధన సంఖ్య కావచ్చు. 64 బిట్లలో −10^18 వాడండి, మీ మొత్తాలు దాన్ని దాటనంత వరకు. పరీక్షించేటప్పుడు 1 నుంచి 8 అంకెల అర్రేలు, అంకెలకంటే ఎక్కువ థ్రెడ్లు పెట్టి మామూలు లూప్‌తో పోల్చండి. ఖాళీ భాగం తప్పులు అప్పుడే బయటపడతాయి.