నాలుగో ఏడు వృథా అవుతుందా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి జువాలజీ మేజర్‌గా బీఎస్సీ మూడో ఏడు చదువుతోంది. నాలుగో ఏడు ఆనర్స్ చేస్తానంటోంది. పొద్దుపోయేదాకా లైబ్రరీలోనే ఉంటుంది. ఆదివారాలు తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కు బయలుదేరుతుంది. తోటివాళ్లు బ్యాంకు కోచింగ్‌లో చేరిపోయారు. ఏడాది వృథా కాదా?

జవాబు: ముందు లెక్క చూద్దాం. మూడేళ్ల డిగ్రీ తర్వాత పీజీ రెండేళ్లు. యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల ఆనర్స్ చేసినవారికి పీజీ ఒక్క ఏడాదే. ఎలా చూసినా ఐదేళ్లే. ఆమె పీజీ చేయాలనుకుంటే మీకు ఏడాది పోదు. అయితే చేరదలచుకున్న విశ్వవిద్యాలయంలో ఆ ఒక్క ఏడాది పీజీ నడుస్తోందో లేదో ఇప్పుడే కనుక్కోండి. బ్యాంకు ఉద్యోగమో, గ్రూప్స్ ఉద్యోగమో ఆమె లక్ష్యమైతే మూడేళ్ల డిగ్రీ చాలు, ఆనర్స్ చేయమని నేను చెప్పను.

మీ ఉత్తరంలో నన్ను పట్టి నిలిపింది హార్బర్ మాట. ఆమె అక్కడ ఏం చేస్తోందో అడిగారా?

మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవారు పరిశోధనతో కూడిన ఆనర్స్ ఎంచుకోవచ్చు. నాలుగేళ్లకు కలిపి ఉండే 160 క్రెడిట్లలో 12 పరిశోధన ప్రాజెక్టుకే. ఆ ఏడాది దినచర్యే వేరు. పరీక్షకు ముందు రెండు వారాలు కూర్చుని గట్టెక్కే చదువు అక్కడ చెల్లదు. కానాగంత చేపల పొడవు కొలవాలంటే బోట్లు ఒడ్డుకు చేరే వేళకు అక్కడ ఉండాలి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. అది చూసుకోకుండా పనిని వేసవికి నెట్టినవారు సగం పట్టికతో మిగిలిపోతారు. మీ అమ్మాయి ఇప్పటినుంచే హార్బర్‌కు వెళ్తోందంటే, ఈ చదువు ఎలా సాగుతుందో ఆమెకు అర్థమైందనే నాకనిపిస్తోంది.

ఆ చేపకు మన ఊరితో పాత చుట్టరికం ఉంది. పాట్రిక్ రస్సెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త విశాఖలో చేపలు సేకరించి, ఇక్కడివారు పిలిచే పేర్లతోనే 1803లో వాటి వర్ణనలు ప్రచురించాడు. కానాగంత శాస్త్రీయ నామం నేటికీ రాస్ట్రెలిజర్ కానగుర్త. సముద్ర మత్స్య పరిశోధన సంస్థకూ, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకూ మన ఊళ్లోనే ప్రాంతీయ కేంద్రాలున్నాయి. జువాలజీ చదివే పిల్లకు ఇంతకంటే మంచి ఊరు ఎక్కడ దొరుకుతుంది?

కాలేజీకి వెళ్లి రెండు సంగతులు అడగండి: పరిశోధన ఆనర్స్ ఆమె సబ్జెక్టులో ఉందా, ప్రాజెక్టుకు దారి చూపే అధ్యాపకులు ఎవరు? సరైన జవాబు రాకపోతే మరో కాలేజీ చూడండి, లేదా డిగ్రీ మూడేళ్లకే ముగించి పీజీ ప్రవేశ పరీక్ష రాయించండి. అందులో చిన్నతనమేమీ లేదు.

తెల్లవారుజామున ఒంటరిగా పంపడం మీకు భయమనిపిస్తే అది సహజం. స్నేహితురాలినో, సీనియర్‌నో తోడు చూసుకోమనండి. వచ్చే ఆదివారం మీరే బండి మీద తీసుకెళ్లండి. ఆమె నోటుపుస్తకం తెరిచి చూపించమనండి. తేదీ, బోటు, చేప పొడవు, బరువు వరుసగా రాసి ఉంటే, కోచింగ్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి.