ఫైబర్ పోతే 5జీ అందుకోవాలంటే?

ప్రశ్న: మాది భీమవరం. రిటైరైన లెక్కల మాస్టారిని. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది. అబ్బాయి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాడు, కోడలు ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతుంది. గాలివానకు ఫైబర్ పోతోందని ఇంకో 100 ఎంబీపీఎస్ ప్లానుతో 5జీ బాక్సు కూడా పెట్టించాం. ఇప్పుడు ఇంట్లో రెండు వైఫై పేర్లు. నెట్ పోయినప్పుడల్లా అన్నీ చేత్తో మార్చుకోవాలి. ఫైర్‌వాల్ పెడితే రెండూ కలిసి 200 వస్తుందని తెలిసినాయన చెప్పారు. నిజమేనా? అలా కలిపే రూటరొకటి తెచ్చి చూస్తే బ్యాంకు సైటు మధ్యలోనే లాగౌట్ చేసేస్తోంది.

జవాబు: మాస్టారూ, ముందు ఆ 200 మీద ఆశ వదులుకోండి. ఫైర్‌వాల్ అంటే ఇంటికీ బయటి లైన్లకూ మధ్య కూర్చుని రాకపోకలు చూసే పెట్టె. అది ఒక్కో కనెక్షన్‌నూ ఏదో ఒక లైను మీదికి పంపుతుంది. అంతేగానీ ఒకే డౌన్‌లోడ్‌ను చీల్చి సగం ఇటూ సగం అటూ పంపదు. మీ అబ్బాయి ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు వేసే భద్రమైన దారి) ఒకే కనెక్షన్ కాబట్టి అది 100 దాటదు. స్పీడ్ టెస్టు ఒకేసారి పలు కనెక్షన్లు తెరుస్తుంది గనక అక్కడ పెద్ద అంకె కనిపించవచ్చు. దాన్ని చూసి డబ్బు పెట్టకండి.

బ్యాంకు గొడవకు కారణమూ ఇదే. బయటి నుంచి చూస్తే మీ రెండు లైన్లకు రెండు వేర్వేరు ఐపీ అడ్రస్‌లు (నెట్‌లో మీ లైనును గుర్తించే అంకెలు). లాగిన్ ఒక అడ్రస్ నుంచి వచ్చి, మరుసటి క్లిక్ ఇంకో అడ్రస్ నుంచి వస్తే బ్యాంకు సర్వర్ అనుమానించి బయటికి పంపేస్తుంది. అది చేస్తున్నది సరైన పనే.

మీ ఇంటికి కావలసింది రెండూ కలపడం కాదు, ఒకటి పోగానే రెండోది అందుకోవడం. దీన్నే ఫెయిలోవర్ అంటాం. ఇంటెల్ నెట్‌వర్క్ పోర్టులు మూడో నాలుగో ఉన్న చిన్న పీసీ తీసుకుని అందులో పీఎఫ్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ గానీ, 2015లో దాన్నుంచి విడిపోయిన ఓపీఎన్‌సెన్స్ గానీ వేయించండి. రెండూ ఉచితంగా దొరుకుతాయి. ఒక పోర్టుకు ఫైబర్, ఒకదానికి 5జీ, మూడోదానికి మీ పాత రూటర్. ఆ పాత రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా (వైఫై మాత్రమే ఇచ్చే పెట్టెగా) మార్చి, ఫైబర్ బాక్సులోనూ 5జీ బాక్సులోనూ వైఫై ఆపేయండి. ఇల్లంతటికీ ఒకే వైఫై పేరు మిగులుతుంది. ఒక జాగ్రత్త: ఫైబర్ బాక్సు, 5జీ బాక్సు, ఫైర్‌వాల్ లోపలి వైపు, ఈ మూడింటికీ వేర్వేరు ఐపీ వరసలు ఉండాలి. చాలా బాక్సులు ఫ్యాక్టరీ నుంచే 192.168.1.1తో వస్తాయి. అలాగే వదిలేస్తే ఏదీ సరిగా పనిచేయదు.

గేట్‌వే అంటే నెట్ బయటికి వెళ్లే దారి. ఫైర్‌వాల్ సెట్టింగుల్లో గేట్‌వే గ్రూప్ అనే చోట ఫైబర్‌ను టియర్ 1గా (మొదటి ప్రాధాన్యం), 5జీని టియర్ 2గా పెట్టాలి. రెంటినీ ఒకే టియర్‌లో పెడితే పంచుకోవడం మొదలై మళ్లీ బ్యాంకు కథే. ఆ గ్రూపును లోపలి వైపు ఫైర్‌వాల్ రూల్‌లో గేట్‌వేగా ఎంచుకోవడం మరవకండి, ఊరికే గ్రూపు చేసినంత మాత్రాన అమల్లోకి రాదు. చాలామంది గ్రూపు చేసి ఇక్కడే ఆగిపోతారు.

ఇప్పుడు అసలు సంగతి. లైను పోయిందని ఫైర్‌వాల్‌కు ఎలా తెలుస్తుంది? తీగ తెగితే ఫైబర్ బాక్సు మీద లాస్ (LOS, సిగ్నల్ రావడం లేదని చెప్పే) లైటు ఎర్రగా వెలుగుతుంది, అది మీకూ తెలుస్తుంది. మా విజయవాడ వైపు ఇళ్లలో నేను ఎక్కువగా చూసేది వేరే రకం. లైట్లన్నీ పచ్చగా ఉంటాయి, నెట్ మాత్రం రాదు. తెగింది మీ వీధిలో కాదు, ఆపరేటర్‌కు అవతల ఎక్కడో. ఫైర్‌వాల్ మామూలుగా పింగ్ చేసేది (ఉన్నావా అని పలకరించి చూసేది) పక్కనున్న గేట్‌వేనే. మీ ఇంట్లో అదంటే ఆ ఫైబర్ బాక్సే. అది పలుకుతూనే ఉంటుంది కాబట్టి లైను బాగుందనుకుని 5జీ వైపు చూడదు. అందుకే మానిటర్ ఐపీ అన్న గడిలో దూరపు అడ్రస్ ఇవ్వాలి. ఫైబర్‌కు గూగుల్ వారి 8.8.8.8, 5జీకి క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1 ఇవ్వండి. రెంటికీ ఒకటే ఇవ్వకూడదు. పీఎఫ్‌సెన్స్ అర సెకనుకోసారి పింగ్ చేస్తుంది. గడచిన నిమిషంలో ఇరవై శాతం జవాబులు రాకపోతే లైను పోయినట్టు లెక్కిస్తుంది. ట్రిగర్ (ఎప్పుడు మారాలో చెప్పే సెట్టింగు) దగ్గర 'ప్యాకెట్ లాస్ ఆర్ హై లేటెన్సీ' (జవాబులు పోయినా, బాగా ఆలస్యమైనా) ఎంచుకుంటే పూర్తిగా పోకుండా నత్తనడక నడిచే లైనును కూడా పక్కన పెడుతుంది. కోడలుగారి పాఠం ఆ నత్తనడకకే ఎక్కువ పాడవుతుంది.

మారే క్షణంలో నడుస్తున్న వీడియో కాల్ తెగుతుంది, ఐపీ మారింది కదా. కాసేపటికి మళ్లీ కలుస్తుంది. ఇది ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి. మీ 5జీ ప్లానుకు నెలవారీ డేటా పరిమితి ఉంటే టీవీకి విడిగా రూల్ రాసి, ఫైబర్ లేనప్పుడు నెట్ అందకుండా ఆపించండి. ఆ రూల్ మామూలు రూల్‌కు పైన ఉండాలి, పైనుంచి మొదట సరిపోయిందే చెల్లుతుంది. ఇంటి సీసీ కెమెరాను బయటి నుంచి పోర్టు తెరిచి చూసే పద్ధతైతే 5జీ మీద సాధారణంగా కుదరదు, ఒకే పబ్లిక్ ఐపీని చాలామంది చందాదారులకు పంచుతారు కాబట్టి. క్లౌడ్ యాప్‌తో చూసే కెమెరాకు ఆ ఇబ్బంది లేదు.

ప్రశ్న: నిజామాబాద్‌లో ఉంటాను. రెండు వేర్వేరు కంపెనీల ఫైబర్ తీసుకుని ఫెయిలోవర్ కూడా పెట్టించాను. అయినా రెండూ ఒకేసారి పోతున్నాయి. ఫైర్‌వాల్‌లో తప్పుందా?

జవాబు: ఫైర్‌వాల్ జోలికి వెళ్లకముందు బయటికెళ్లి రెండు తీగలూ ఏ స్తంభాల మీదుగా వస్తున్నాయో చూడండి. కంపెనీలు రెండైనా వీధిలో ఒకే కరెంటు స్తంభానికి, ఒకే కొక్కేనికి రెండూ వేలాడుతుంటే ఒక ఎత్తు లారీ చాలు, చెట్టుకొమ్మలు కొట్టే రోజు చాలు. కొన్నిచోట్ల బిల్లు మీద పేర్లు వేరైనా లోకల్ ఆపరేటర్ ఒకరే, వీధిలో స్విచ్ పెట్టె కూడా ఒకటే. పైగా ఆ పెట్టె నడిచేది దగ్గరి ఇంటి కరెంటుతో. ఆ ఇంట్లో కరెంటు పోతే మీ రెండు లైన్లూ పోతాయి. మీ ఇంట్లోనూ ఫైబర్ బాక్సులకు, ఫైర్‌వాల్‌కు, వైఫైకి యూపీఎస్ ఉందో లేదో చూసుకోండి. వీటిలో ఒక్కటి ఆగినా మిగతావి దండగ.

రెండో ఫైబర్ తీసేసి దాని చోట 5జీ పెట్టించుకోండి, అది మీ వీధి స్తంభాల మీది తీగలపై ఆధారపడదు. పెట్టించే ముందు ఆ కంపెనీ సిమ్ ఉన్న ఫోన్‌తో మేడ మీద సాయంత్రం ఎనిమిది దాటాక స్పీడు చూడండి. టవర్ మీద రద్దీ ఎక్కువగా ఉండేది అప్పుడే. పగలు చూసిన అంకెను నమ్మి డబ్బు కట్టకండి.