టీమ్ కళ్లముందు లేకపోతే లీడ్ ఏం చూడాల?

అనంతపురం నుంచి ఒక అమ్మాయి రాసింది. ఇక్కడే బీటెక్ చేసి నాలుగేళ్లుగా ఒక బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తోంది, రెండు నెలల కింద టీమ్ లీడ్‌ని చేసినారంట. టీమ్‌లో ఆరుగురు, ఇద్దరు బెంగళూరు ఆఫీసులో, ఇద్దరు హైదరాబాద్‌లో, ఒకరు పుణెలో, ఒకబ్బాయి కర్నూల్లో, క్లయింటేమో న్యూయార్క్‌లో. "ఎవరు పని చేస్తున్నారో ఎవరు చేయట్లేదో తెలీడం లేదు సార్, గంటకోసారి స్టేటస్ అడుగుతా ఉన్నా, వాళ్లకీ విసుగే నాకూ విసుగే. స్క్రీన్ ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ పెడదామా అని మేనేజర్ అంటున్నాడు. రాత్రి పదకొండు దాకా కాల్స్, ఇదేం ఉద్యోగమమ్మా అని మా నాయన అడుగుతాడు. లీడ్ వద్దని చెప్పి మళ్లీ కోడింగ్‌కే పోవాలా?" అని అడిగింది.

అమ్మా, ఇప్పుడే వద్దని చెప్పొద్దు. రెండు నెలలకే ఇది నాకు రాదు అనుకోవడం తొందరపాటు. నువ్వు చెప్పినవాటిలో చాలావరకు పని అప్పజెప్పే పద్ధతి మారిస్తే సర్దుకునేవే.

మన పక్క శెనక్కాయ చెట్లు పీకడానికి దినకూలికి పిలిస్తే గట్టు మీద ఒకరు నిలబడి చూసుకోవాల్సిందే. అదే గుత్తకిస్తే ఎన్ని గంటలకొచ్చినారు, ఎంతసేపు కూర్చున్నారు అని ఎవరూ అడగరు, కానీ ఎన్ని ఎకరాలు, ఎప్పటికల్లా, చెట్టు పీకితే చాలా కాయ కూడా కొట్టివ్వాలా అనేది ముందే గట్టిగా మాట్లాడుకుంటారు. ఇంటి నుంచి చేసే పని గుత్త పనే. నువ్వు ముందు మాట్లాడాల్సింది వదిలేసి తర్వాత గట్టు మీద నిలబడాలని చూస్తున్నావు, అందుకే నీకు కాళ్లు నొప్పి వాళ్లకు చిరాకు.

"అన్నా, పేమెంట్ పేజీ కొంచెం చూడు" అని చాట్‌లో పెడితే ఆయన చూస్తాడు, తనకు తోచింది చేస్తాడు, మూడు రోజుల తర్వాత నేను అడిగింది ఇది కాదు అని నువ్వంటావు. దానికి బదులు ఇట్లా రాయి: "పేమెంట్ ఫెయిలైతే యూజర్‌కు ఎందుకు ఫెయిలైందో మెసేజ్ రావాల. డబ్బు కట్ అయి ఆర్డర్ పడకపోతే రీఫండ్ రిక్వెస్ట్ దానంతట అదే పోవాల. టెస్టులు రాసి గురువారం సాయంత్రానికి రివ్యూకి పెట్టాల. డౌట్ వస్తే నన్ను అడగాల." ఇది రాయడానికి నీకు పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాలే ఇప్పుడు నీ అసలు ఉద్యోగం. పనుల లిస్టు పెట్టుకోవడానికి జిరా అనే సాఫ్ట్‌వేర్ వాడతారో ఇంకోటి వాడతారో నాకు పట్టింపు లేదు, ప్రతి పనికీ ఒకే ఒక్క పేరు, ఒక తేదీ, ఎప్పుడు అయిపోయినట్టు అనేది రాసుండాల, రెండు మూడు రోజులకు మించిన పని అయితే ముక్కలు చేయాల. అప్పుడు నువ్వు స్టేటస్ అడగక్కర్లేదు, అందులో పనులన్నీ కనిపించే బోర్డు చూస్తే ఎక్కడ ఆగిందో నీకే తెలుస్తుంది.

ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం మేనేజర్‌కు మర్యాదగానే కానీ గట్టిగా వద్దని చెప్పు. మైక్రోసాఫ్ట్ టీమ్స్ యాప్‌లో ఐదు నిమిషాలు మౌస్ కదలకపోతే పేరు పక్కనుండే పచ్చ చుక్క పసుపు అవుతుంది, మనిషి కాగితం మీద డిజైన్ గీసుకుంటున్నా అదే పసుపు, మౌస్ కదిలించే పరికరం కొని పెట్టుకుని నిద్రపోయినా పచ్చే. దాన్ని పెట్టినరోజు నుంచి పని బాగా చేసేవాళ్లకు మనసు విరిగిపోతుంది, చేయనివాళ్లు ఇంకో దారి వెతుక్కుంటారు. "సార్, నెల రోజులు టైమివ్వండి, ప్రతి శుక్రవారం ఏ పని అయింది ఏది ఆగింది ఎందుకు ఆగింది అని నేనే రాసి పంపిస్తా" అని అడుగు. ఆయనకు కావాల్సింది కూడా ఆ భరోసానే.

ఇంకొకటి నువ్వు రాయలేదు కానీ నాకు కనిపిస్తోంది. బెంగళూరులో ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు కదా, టీ తాగుతా సగం విషయాలు వాళ్లే తేల్చుకుంటారు, మిగతా నలుగురికీ తెలీదు. అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ ప్రొఫెసర్ థామస్ అలెన్ 1970లలోనే ఇంజినీర్ల మీద స్టడీ చేసి చెప్పినాడు, సీట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు తగ్గిపోతాయి, ఒక యాభై మీటర్లు దాటితే దాదాపు లేనట్టే అని, మరి కర్నూలుకు బెంగళూరుకు మధ్య ఎంతుంటుందో నువ్వే ఆలోచించు. వాళ్ల తప్పేం లేదు, కానీ ఒక నియమం పెట్టు: ఎక్కడ మాట్లాడుకున్నా సరే, తేలిన విషయం అదే రోజు గ్రూప్‌లో రెండు లైన్లు రాయాల, రాయకపోతే అది తేలనట్టే. గిట్‌ల్యాబ్ అని ఆఫీసే లేని కంపెనీ ఒకటుంది, వాళ్లు పని చేసే పద్ధతులన్నీ హ్యాండ్‌బుక్‌గా రాసి నెట్‌లో ఫ్రీగా పెట్టినారు, తీరిక దొరికినప్పుడు అందులో మీటింగుల గురించి, రాతపూర్వకంగా పని చేయడం గురించి చదువు, చాలా పనికొస్తుంది.

కర్నూలు అబ్బాయి రెండు రోజులు ఒకే చోట ఇరుక్కుని కూడా ఎవరికీ చెప్పలేదని రాసినావు. అతన్ని తిట్టొద్దు. కొత్తగా చేరిన పిల్లోడు, ఆఫీసులో అయితే పక్క సీటోణ్ని అడిగేవాడు, ఇంట్లో ఒక్కడే కూర్చుని అడిగితే ఏమనుకుంటారో అని భయపడతాడు. గంటసేపు ముందుకు పోకపోతే గ్రూప్‌లో రాయాల అని అందరికీ చెప్పు, ముందు నీ డౌట్లు నువ్వే గ్రూప్‌లో అడుగు, లీడే అడుగుతోంది అంటే వాడికీ ధైర్యం వస్తుంది. వారానికొకసారి ఒక్కొక్కరితో అరగంట విడిగా మాట్లాడు, అందులో స్టేటస్ అసలు అడగొద్దు, దేని దగ్గర ఇబ్బంది పడుతున్నావు, ఏం నేర్చుకోవాలనుంది, ఇంట్లో అంతా బాగేనా, అంతే. టీమ్‌లో నీకన్నా పెద్దాయన ఒకాయన కాల్స్‌లో కెమెరా పెట్టడం లేదన్నావు కదా, అదీ ఇక్కడే అడుగు, అందరి ముందు కాదు. ఒకటే గది ఉండి వెనక చిన్నపిల్లలు తిరుగుతుంటారేమో, నెట్ సరిగ్గా రాదేమో. పని టైముకు వస్తోంటే కెమెరా గురించి పట్టుబట్టొద్దు. తప్పు చెప్పాల్సి వస్తే ఫోన్ చేసి చెప్పు, చాట్‌లో రాస్తే మామూలు మాట కూడా కోపంగా కనిపిస్తుంది. మెచ్చుకోవాల్సింది మాత్రం గ్రూప్‌లోనే రాయి.

ఇక రాత్రి కాల్స్. న్యూయార్క్‌కు మనకూ ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు తేడా, నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా పదిన్నర గంటలు. మన సాయంత్రం ఏడున్నర అంటే వాళ్లకు ఉదయం పది, చలికాలంలో తొమ్మిది, రెండూ వాళ్లకు ఆఫీసు టైమే, కాబట్టి ఏడున్నరకే కాల్ ఫిక్స్ చేద్దామని క్లయింట్‌ను అడగొచ్చు, చాలామంది ఒప్పుకుంటారు, అడగరు కాబట్టే పదకొండు దాకా సాగుతుంది. ఆరుగురూ రోజూ రానక్కర్లేదు, నీతో పాటు ఇద్దరు వంతులవారీగా వచ్చి మిగతావాళ్లకు నోట్స్ రాస్తే చాలు. కరెంటు పోతే రౌటర్‌కు చిన్న యూపీఎస్, వేరే కంపెనీ సిమ్ ఒకటి హాట్‌స్పాట్‌కు, ఇవి అందరి దగ్గరా ఉన్నాయో లేదో ఒకసారి అడుగు. మూడు నెలలకొకసారైనా అందరినీ బెంగళూరులో ఒకరోజు కలపమని మేనేజర్‌ను అడుగు, నీకైతే హైవే మీద రెండు వందల చిల్లర కిలోమీటర్లే.

మీ నాయనకు కోపం వచ్చేది ఉద్యోగం మీద కాదు తల్లీ, నువ్వు అన్నం చల్లారిపోయేదాకా లేవడం లేదని. ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని ఆ బోర్డు చూపించు, ఎవరికి ఏ పని ఇచ్చినావో చెప్పు, కాల్ అయిపోయాక ల్యాప్‌టాప్ మూసేసి ఆయనతో కూర్చుని తిను.

కోడింగ్‌కు వెనక్కి పోవడం తప్పేం కాదు, లీడ్ కాకుండా సీనియర్ ఇంజినీర్, ఆర్కిటెక్ట్ అయ్యే దారి చాలా కంపెనీల్లో ఉంది, జీతం కూడా తక్కువేం ఉండదు. కానీ ఆర్నెల్లు చేసి చూడు. 2023 అక్టోబర్ నుంచి టీసీఎస్ వాళ్లు వారానికి ఐదు రోజులు ఆఫీసుకు రమ్మన్నారు, రేపు మీ కంపెనీ కూడా రమ్మనొచ్చు, అప్పుడు కూడా పనిని స్పష్టంగా రాసి అప్పజెప్పే లీడ్ ఏ ఆఫీసుకైనా కావాల. ఆర్నెల్ల తర్వాత కూడా సోమవారం వస్తుందంటేనే గుండె బరువెక్కుతుంటే అప్పుడు మేనేజర్‌తో నేరుగా టెక్నికల్ లైన్ అడుగు. అడిగేముందు నాకోసారి రాయి, ఆ మెయిల్ ఎట్లా రాయాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.